కన్ని గోళ్లు, ఇడ్లీ పిండి

పులిని కూర్చోబెట్టి గోళ్లు తీసినవాణ్ణి నేను. ఈ మాట విరుదునగర్‌లో చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. పులి కాదు, కుక్క. అదీ నిద్రపోతున్న కుక్క. మిగతాదంతా నిజమే.

అది కన్ని జాతిది. నల్లటి ఒళ్లు, పిడికెడు నడుము, కుందేలును పరుగులో పట్టే కాళ్లు. కోవిల్‌పట్టి పక్క మా తెలుగు పల్లెల్లో కన్నిని అమ్మరు, కొనరు. నమ్మినవాళ్లకు ఇస్తారు. సరిగా చూసుకోకపోతే ఇచ్చినవాడు వచ్చి తోలుకుపోతాడు, మనం అడ్డు చెప్పకూడదు. తొంభైలలో విరుదునగర్‌లో పప్పుమిల్లు పని దొరికి మేమిద్దరం కాపురం మార్చినప్పుడు, నా భార్య వాళ్ల అన్న, మా బావ, దాన్ని మాకిచ్చాడు. ఆయన ఆరడుగుల పైన మనిషి, మీసం చెవులదాకా ఉండేదని రాయబోయాను. నాకన్నా పొట్టివాడే. కుక్కను తీసుకుపోతానని వచ్చేవాడు ఎవడైనా పొడుగ్గానే కనిపిస్తాడు.

ఊళ్లో అందరితో అరవం మాట్లాడాలి. నేను మిల్లుకు పోతే పొద్దుగూకేదాకా నా భార్య తెలుగు వినేది ఆ కుక్క ఒక్కటే. ఏం కూర చేయాలో కూడా దాన్నే అడిగేది. అదేం చెప్పేదో గాని నా కంచంలో ఎప్పుడూ వంకాయే పడేది.

నల్లరేగడిలో, రాళ్ల మీద పరుగెత్తినన్నాళ్లు దాని గోళ్లు వాటంతటవే అరిగాయి. మా అద్దె ఇంట్లో నున్నటి ఎర్ర సిమెంటు నేల. గోళ్లు ఏపుగా పెరిగాయి, కొమ్ముల్లా గట్టిపడ్డాయి. నడుస్తుంటే టకటకమని చప్పుడు. నేను అడకత్తెర తీసుకున్నాను. వక్కను తెగ్గొట్టేది గోటిని తెగ్గొట్టదా అనుకున్నాను. తెగ్గొట్టింది. నల్ల గోరులో నెత్తురు ఎంతదాకా ఉందో పైకి కనబడదని అప్పుడే తెలిసింది. నా భార్య పసుపు అద్దింది. ఆ పూట నా కంచంలో అన్నం పడింది గాని వంకాయ కూడా పడలేదు.

ఆ పైన కన్ని నాకు కాలు ఇవ్వలేదు. తెగ్గొట్టకుండా కొద్దికొద్దిగా అరగదీద్దామని ఆకురాయి కొన్నాను. గర్రుమని దాని చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరేది. గోళ్లు ఇంకా పెరిగాయి. వేళ్లు పక్కకు తిరిగి కుంటడం మొదలుపెట్టింది. ఊరినుంచి వచ్చినవాళ్లెవరో చూసిపోయారు. వెంటనే సందు చివరి అంగడికి బావ ఫోను. చెల్లెలి మొగుణ్ణి గనక నన్ను అరవంలో మాపిళ్ళె అంటాడు.

"మాపిళ్ళె, ఆదివారము వస్తుండా. కాలు సరిగా లేకుంటే తోలుకపోతా."

నేను చెప్పింది విని నా భార్య కన్ని పక్కన కూర్చుంది. దాని కాలు ఒళ్లోకి తీసుకుని గోళ్లు చూసింది.

మర్నాడు ఆమె గ్రైండరులో ఇడ్లీ పిండి వేసింది. ఆ గడగడలో నిద్రపోవడం కన్నికి మొదటినుంచీ అలవాటు. కాళ్లు బారజాపి పడుకుంది. ఆమె నన్ను సైగ చేసి పిలిచింది.

"ఏమండే, ఈ సత్తములో దానికి మీ ఆకురాయి సత్తము వినబడదు. ఇప్పుడు చేయండి."

"లేస్తే కరుస్తుందేమో."

"కరిస్తే కరవనీండి. అడకత్తెర పట్టినప్పుడు లేని బయము ఇప్పుడెందుకు?"

వేళ్ల మధ్య గోరు పట్టుకుని మెల్లగా రాశాను. కన్ని చెవి కదిలింది, అంతే. గ్రైండరు ఉపాయం నాదేనని మిల్లులో అందరికీ చెప్పుకున్నాను. నాది కాదు, చూశారుగా.

ఒక్కసారిగా లాగితే మళ్లీ నెత్తురొస్తుంది. రోజూ కాస్త కాస్త అరగదీయాలి. రోజూ అరగదీయాలంటే రోజూ పిండి రుబ్బాలి. మేమిద్దరం ఎంతని తింటాం? వీధి వీధంతా మా పిండితో దోసెలు పోసుకుంది. మీ ఇంట్లో పెళ్లా అని పక్కింటావిడ అరవంలో అడిగింది. కుక్కకు గోళ్లు తీస్తున్నామని నా భార్య నిజమే చెప్పింది. ఆవిడ ఆ రోజు ఖాళీ గిన్నెతోనే వెనక్కి పోయింది.

ఆదివారం పొద్దునకి ఒక్క కాలే మిగిలింది, నేను నెత్తురు చిందించిన కాలు. సగంలో కరెంటు పోయింది. గ్రైండరు ఆగగానే కన్ని కళ్లు తెరిచింది, కాలు లాక్కుని మంచం కిందికి పోయింది. బావ బస్సు వచ్చే వేళయింది. నా భార్య పలుకుపలుకుగా ఉన్న పిండిని దోసిళ్లతో పెరట్లోని పాత రుబ్బురోట్లోకి తోడి, పొత్రం గడగడా తిప్పడం మొదలుపెట్టింది. కన్ని మంచం కిందినుంచి తల బయట పెట్టింది. కాసేపటికి కుంటుతూ వచ్చి రోలు పక్కన ఒరిగింది. నేను ఆకురాయి అందుకున్నాను.

చివరి గోరు చేస్తుండగా పెరటి గుమ్మంలో నీడ పడింది. బావ. చేతిసంచిలోంచి కొత్త తాడు వేలాడుతోంది. చెల్లెలు చెమటలు కక్కుతూ పొత్రం తిప్పుతోంది, నేను గొంతుకూర్చుని గోరు రాస్తున్నాను, మధ్యలో కన్ని గురకపెడుతోంది. ఆమె అన్నను చూసింది గాని చెయ్యి ఆపలేదు.

"ఏంది మాపిళ్ళె ఇది?"

"మాట్లాడకు అన్నా," అంది ఆమె. "ఒక్క గోరు ఉండాది."

ఆయన తాడు సంచిలోకి కుక్కి గుమ్మంలోనే కూర్చున్నాడు. నేను ముగించాక వచ్చి ఒక్కో గోటి మీదా బొటనవేలు పెట్టి చూశాడు. అడకత్తెర తగిలిన గోటి దగ్గర ఆగాడు. నా గుండె ఆగింది. ఈ ఒక్కదాంట్లో గొప్పలు లేవు.

"ఇంత నున్నగా ఎవరు చేసినారు?"

నేనే అనడానికి నోరు తెరిచాను. ఆమె మణికట్టు పిసుక్కుంటోంది.

"ఆకురాయి నాది," అన్నాను. "కాలు ఇచ్చింది మాత్రం మీ చెల్లెలికి."

"అది తెలస్తానే ఉండాది," అన్నాడు ఆయన. "నీకు కోడి కూడా కాలు ఇయ్యదు."

మధ్యాహ్నం ఆ పిండితోనే దోసెలు తిని, మిగిలింది టిఫిను క్యారియరులో పట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాడు. కన్ని రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలా ఏళ్లు మాతోనే ఉంది, నా భార్య తెలుగు వింటూ. ఆ ఏళ్లన్నిటికీ నేను ఆయనకూ, ఆ రుబ్బురోటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆయన తెచ్చిన తాడు మా పెరటి కొక్కేనికి తగిలించి పోయాడు. నా భార్య దాని మీద బట్టలు ఆరేసేది.