మా అత్త అడగని మాట

మా అత్త పోయిన శుక్రవారం పొద్దున చనిపోయింది. సంగటి తట్ట ముందు కూచుని, చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని రోజూ చెప్పుకునే మాట చెప్పుకుంటూ పక్కకు ఒరిగిపోయిందట. నేను బడిలో ఉన్నాను. కబురు తెచ్చిన పక్కింటామె గుమ్మంలో నిలబడి, "మీ అత్త పుణ్యాత్మురాలు మా. దేవుని పేరు నోట్లో ఉండంగానే పానం పోయింది" అంది. పిల్లలు పలకలు దించి నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మా ఇద్దరి మధ్య తేలని తగువు ఒకటి ఉంది. దాన్ని నా ఒక్కదాని నెత్తిన పెట్టి, ఆమె మాత్రం నెమ్మదిగా వెళ్లిపోయింది.

మా అత్త చేరిన ఏసు గుడి సంఘం వాళ్లు తమ పత్రికకు నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. "మారిన జీవితం గురించి రాయండి టీచరమ్మా, చదివినవాళ్లకు ఆదరణగా ఉంటుంది" అన్నారు. రాస్తాను. కానీ మారకముందు సంగతి దాచిపెట్టి, మారిన సంగతి మాత్రం ఎట్లా రాసేది? చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

మాది కుందుర్పి దిక్కున మెట్ట ఊరు. నేను ఎనిమిదో తరగతి పాసై, పెళ్లయి మా అత్త ఇంటికి వచ్చేనాటికి వరసగా కరువు ఏండ్లు. ఊళ్లో బావులన్నీ ఎండితే, మా మామ చేనిలోని బావి ఒక్కదాంట్లో అడుగున ఇన్ని నీళ్లు ఊరేవి. ఆ బావి గట్టు మీద మా అత్త కూచునేది. ఎవరు తోడుకోవాలో, ఎవరు నిలబడాలో ఆమె చెప్పేది. ఊరి బయట వాడ నుంచి వచ్చిన ఆడవాళ్లు బావి తాకకూడదు. దూరంగా కుండలు పెట్టుకుని కూచుంటే, ఆమెకు మనసైనప్పుడు, తన చెంబు వాళ్ల కుండకు తగలకుండా ఎత్తు నుంచి పోసేది. సగం నీళ్లు నేలపాలయ్యేవి. కోపమొస్తే అసలు పోయకుండానే లేచి వచ్చేది. వాళ్లు ఖాళీ కుండలు ఎత్తుకుని పోతుంటే నేను చూశాను.

నాకు కొడుకు పుట్టాడు. నడక వచ్చింది, 'అవ్వా' అనడం వచ్చింది. మా అత్తకు వాడంటే ప్రాణం. అది అబద్ధమని నేను చెప్పను.

ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే వాడికి వాంతులు, బేదులు మొదలయ్యాయి. మా ఆయన ఎద్దుల సంతకు పోయి ఊళ్లో లేడు. మధ్యాహ్నానికి బిడ్డ కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. పక్క ఊళ్లో మిషన్ ఆసుపత్రి ఉంది. బండి వాకిట్లోనే ఉంది. ఎద్దుల జత ఒకటి కొట్టంలోనే ఉంది. మామ కాళ్లు పట్టుకున్నాను. ఆయన అత్త వైపు చూశాడు.

"ఆడికా?" అంది అత్త. "ఆడ ఎవరెవరి చేతి నీళ్లో తాగాల. ఎవరు పండిన మంచం మీదనో పండుకోవాల. మన ఇంటి బిడ్డ ఆ గడప తొక్కేకి లేదు. మారెమ్మకు ముడుపు కట్టినా. తగ్గిపోతాది, గమ్మునుండు."

బిడ్డను చంకనేసుకుని నేనే బయలుదేరాను. వాకిట్లో అడ్డం నిలబడి, నా చేతిలోంచి వాణ్ణి లాక్కుని లోపలికి తీసుకుపోయింది. మరునాడు మధ్యాహ్నం వాడు పోయాడు. ఆమె నా పక్కన కూలబడి, నాకన్నా గట్టిగా ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "వానికి దేవుడు ఆయుష్షు అంతే ఇచ్చినాడు" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

తర్వాత కొన్నేండ్లకు ఆమెకు వీపు మీద రాచకురుపు లేచింది. నాటు మందులకు తగ్గలేదు. పుండై, పుండు పుచ్చి, వాసన ఇల్లంతా కమ్ముకుంది. మామ ఆమె మంచాన్ని కొట్టంలోకి మార్పించాడు. చుట్టాలు వాకిట్లో నిలబడే పలకరించి పోయేవారు. చివరికి ఒకరోజు మా ఆయన బండి కట్టాడు. అదే బండి, అదే దావ, అదే ఆసుపత్రి. ఆమె అడ్డం చెప్పలేదు. నేను వాకిట్లో నిలబడి ఆ బండి మలుపు తిరిగేదాకా చూశాను.

ఆసుపత్రిలో చాలా నెలలు ఉంది. అక్కడ ఒక ఆయా రోజూ ఆమె పుండు కడిగేదట. ఆ ఆయా ఎవరో కాదు, మా బావి దగ్గర దూరంగా కూచుని ఖాళీ కుండతో తిరిగిపోయిన ఆడవాళ్లలో ఒకామె. మిషన్‌లో చేరి పని నేర్చుకుంది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. మా అత్తే తర్వాత నాకు చెప్పింది:

"నీకు వాసన రాదా మా అని అడిగినా. వస్తాది, వస్తే ఏమి అనింది. నేనెవరో తెలుసు గదా అంటి. తెలుసు, పక్కకు తిరుగు, ఆ పక్క గూడ కడగాల అనింది. అంతే. ఆ పొద్దు నాలో ఏందో ఇరిగిపోయింది."

తిరిగి వచ్చిన మనిషి వేరు. చెరువులో చుక్క నీళ్లు లేక, పాస్టరు ఇత్తడి బిందెలో నీళ్లు తెప్పించి ఆమెకు బాప్తిస్మం ఇచ్చాడు. మామ ఇంట్లోకి రానివ్వలేదు. ఆయన పోయేదాకా కొట్టంలోనే ఉంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పొద్దున్నే లేచి అదే బావి దగ్గరికి పోయి, వాడ ఆడవాళ్లకు తన చేతులతో తోడి, కుండ అంచుదాకా పోసేది. మొదటిరోజు ఒక ముసలామె కుండను అట్లాగే ఎత్తి బోర్లించి, "నీ నీళ్లు నాకొద్దు పో" అని వెళ్లిపోయింది. అంత కరువులో! మా అత్త "న్యాయమే" అని, మళ్లీ తోడడం మొదలుపెట్టింది. ఆ ముసలామె నాకు చాలా నచ్చింది. ఆమె తర్వాత కూడా ఎప్పుడూ మా బావికి రాలేదు.

మా అత్తకు ఒక అలవాటు పడింది. ఏం చేతికొచ్చినా కళ్లు మూసుకుని, "ఇది నాకు రావాల్సింది కాదు నాయనా, ఇచ్చినావు" అనేది. సంగటి ముద్దకు అదే మాట. చెంబెడు మజ్జిగకు అదే మాట. పాత చీర ఇస్తే అదే మాట. కొట్టంలోకి ఎండ వస్తే కూడా అదే మాట. వింటుంటే నాకు ఒళ్లు మండేది. నిజమే, నీకు రావాల్సింది కాదు అని లోపల అనుకునేదాన్ని. ఒక్కోసారి పైకే అనేదాన్ని. తల ఊపేది. ఆ తల ఊపడం చూస్తే ఇంకా మండేది. తిడితే తిరిగి తిట్టే మనిషితో బతకడం సులువు. అవునని తల ఊపే మనిషితో ఏం చేయాలి?

నాకు కూతురు పుట్టాక, మా అత్త మా ఆయనతో, "దాన్ని సదివియ్యి రా. టీచరు ట్రైనింగుకు పంపు. బిడ్డను నేను చూస్తా" అంది. నా బిడ్డను ఆమె చేతిలో పెట్టడమా? ఏడాది ఒప్పుకోలేదు. చివరికి మా ఆయన మాట మీద అనంతపురం పోయాను. ఈ రోజు నేను బడిలో పాఠం చెప్తున్నానన్నా, ఇది రాస్తున్నానన్నా ఆమె వల్లనే. ఇది కూడా రాయాలి కదా. రాశాను.

ట్రైనింగులో ఉండగా కబురొచ్చింది, పాపకు వాంతులూ బేదులూ అని. బస్సు దిగి ఆ మిషన్ ఆసుపత్రికి ఎట్లా పోయానో నాకు తెలియదు. పాప మంచం మీద నిద్రపోతోంది. చేతికి సూది, పైన సీసాలోంచి నీళ్లు దిగుతున్నాయి. "గండం గడిచింది, వేళకు తెచ్చారు" అంది డాక్టరమ్మ. ఊళ్లో బండి దొరక్కపోతే, మా అత్త పాపను చంకనేసుకుని ఎర్రటి ఎండలో ఆ దావంతా నడిచి వచ్చిందట. మంచం కాడ నేల మీద కూచుని ఉంది. అరికాళ్లు బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

ఇంకెవరైనా అయితే కాళ్ల మీద పడి దండం పెట్టేవాళ్లేమో. నేను అరిచాను.

"ఈ దావ నీకు అప్పుడు గూడ తెలుసు గదా అత్తా! ఈ కాళ్లు అప్పుడు యాడికి పోయినాయి? నా కొడుకును ఇట్ల ఎత్తుకొస్తే వాడు ఈ పొద్దు బడికి పోతాండు గదా!"

వార్డులో అందరూ మావైపు తిరిగారు. నేను ఆగలేదు.

"నీ దేవుడు నిన్ను క్షమించినాడంట. దినామూ స్తోత్రం చెప్తాండావు. సచ్చింది నా బిడ్డ. నన్నెవరు అడిగినారు? ఆయన అడిగినాడా? నువ్వు అడిగినావా?"

"అడగల్యా" అంది.

"ఏమిటికి అడగల్యా?"

గోడకు చేయి ఆనించుకుంది. నెమ్మదిగా చెప్పింది. "అడిగితే నువ్వు ఇయ్యాలమ్మా. ఇయ్యకపోతే ముసలిదాన్ని ఏడిపిచ్చిందని ఊరు నిన్నంటాది. ఇస్తివంటే, ఇష్టం లేకుండా ఇచ్చినట్లయితాది. నీ బిడ్డను గుంజుకుంటి. నీ కోపం గూడ గుంజుకోమంటావా? అది నీది. ఉంచుకో."

"మరి నీ దేవుని కాడ ఎట్ల అడిగితివి?"

"ఆయన్ను గూడ అడగల్యా. ఏ మొగం పెట్టుకుని అడగాల? ఆయనే ఇచ్చినాడు. నాకు రావాల్సింది కాదు అది. అందుకే దినామూ చెప్తాండా. గర్వంతో కాదు మా, భయంతో."

ఆ మాటకు కూడా నాకు ఆమె మీద కోపమే. ఒక సాకు చెప్పి ఉంటే దాన్ని పట్టుకుని చీల్చేదాన్ని. నీ కొడుకు పరలోకంలో సుఖంగా ఉన్నాడని ఓదార్చబోయి ఉంటే ఆ కొట్టంలోంచి కూడా వెళ్లగొట్టేదాన్ని. ఏదీ చేయలేదు. ఆ తర్వాత మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఒకే వాకిట్లో బతికాం. మామ పోయాక ఆమె కొట్టంలోంచి ఇంట్లోకి వచ్చింది. నేను వండాను, ఆమె పాపకు జడలు వేసింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు వాకిట్లో పెట్టి, నా కంటబడకుండా లోపలికి పోయేది.

సమాధి దగ్గర పాస్టరు, ఆమె పాపాలన్నీ కడిగివేయబడ్డాయని చెప్పాడు. కడిగినాయనకు తెలుసేమో. పోగొట్టుకున్నదాన్ని నేను, నాకు తెలియదు. పక్కన నిలబడిన పాస్టరమ్మ నా చెవి దగ్గరికి వంగి ఒక సంగతి అడిగింది.

"టీచరమ్మా, గుడిలో సాక్ష్యం చెప్పమంటే మీ అత్త ఎప్పుడు కానీ 'నేను చెడ్డదాన్ని, కనికరించినాడు' అని కూచునేది. ఏమి చేసినావో చెప్పు, వినేవాళ్లకు మేలు అయితాది అని మా ఆయన ఎన్నోసార్లు అడిగినాడు. 'అది నా కోడలి మాట. నేను చెప్పుకుని మెప్పు పొందేది కాదు' అనేది. ఏం మా అది?"

ఇన్నేండ్లూ ఆమె ప్రతి ఆదివారం గుడిలో నా కొడుకు చావును సాక్ష్యంగా చెప్పుకుని ఏడుస్తుంటుందని, జనం అయ్యో అంటుంటారని, అదే ఆమెకు ఓదార్పని అనుకున్నాను. దానికీ ఆమెను లోపల తిట్టుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా వాణ్ణి వాడుకోలేదు. పాస్టరమ్మకు అక్కడ జవాబు చెప్పలేదు. ఆ మాట నాదేనని ఆమె వదిలిపెట్టి పోయింది కాబట్టి, ఇప్పుడు ఇక్కడ నేనే చెప్పాను. పత్రిక వాళ్లు వేస్తే వేస్తారు, లేకుంటే లేదు.

క్షమించానని రాయమంటారేమో. రాయను. ఆమె కూడా రాయమనదు.

అందరూ మట్టి వేశారు. నా వంతు వచ్చింది. ఆషాఢ మాసపు గాలి మిట్ట మీద హోరుమంటోంది. వంగి గుప్పెడు తీసుకున్నాను. తడి ఏ మూలనా లేని ఎర్రమట్టి. గుంత మీద చేయి చాపి వేళ్లు విప్పితే, కొంత లోపల పెట్టె మీద పడింది, కొంత గాలికి తిరిగి నా మీదికే వచ్చింది. కళ్లలో, పెదాల మీద, సమాధికని కట్టుకున్న తెల్ల చీర నిండా మట్టి. నా కూతురు దగ్గరికి వచ్చి కొంగుతో నా మొహం తుడవబోయింది.

"ఉండనీ" అన్నాను.