పెదనాన్న ఎడమ కాలు

మా వీధిలో సగం మందికి కారు నడపడం నేర్పింది మా పెదనాన్నే. నేర్చుకోలేని మిగతా సగాన్ని తిట్టిందీ ఆయనే. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ లేని బండి కొనుక్కోమన్నాడు డాక్టరు. ఏది కొనాలో ఆయన నన్నడిగాడు. అడగడానికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

ఆటపట్టిద్దామని ఫోన్‌లో ఎర్రటి ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు చూపించాను. మూడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకునే రకం.

"క్లచ్ లేదుగా?"

"లేదు పెదనాన్నా."

వారం తిరక్కుండా సెకండ్ హ్యాండ్‌లో సరిగ్గా అలాంటిదే తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

పెద్దమ్మ ఆసుపత్రిలో నర్సు. పెళ్లైన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆమెను డ్యూటీకి దింపేది ఆయనే. ఇంట్లో మాటలు లేని రోజులున్నాయి గానీ, కలిసి కారెక్కని రోజు లేదు.

మొదటి రోజు వెనక సీట్లో నేనూ ఇరుక్కున్నాను. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"స్టార్టయిందా?" అంది పెద్దమ్మ.

"ఏమో! చప్పుడేదే దీనికి?"

అంటూండగానే వీధి చివర తేలాం. మలుపు దగ్గర గేరు మార్చాలనుకుని ఆయన ఎడమ కాలు దానంతటదే లేచి, లేని క్లచ్‌ని గట్టిగా తొక్కింది. అక్కడున్నది బ్రేకు. పెద్దమ్మ ఒళ్లోని టిఫిన్ డబ్బా ఎగిరి అద్దానికి కొట్టుకుంది. ఆసుపత్రి చేరేలోపు అలా ఏడుసార్లు.

"రేపట్నుంచి నేను బస్సులో పోతా," అని దిగి వెళ్లిపోయింది.

నిజంగానే రెండు రోజులు బస్సెక్కింది. ఆయన ఖాళీ మైదానంలో సాధన చేశాడు. కాలు వినలేదు.

"ఇన్నేళ్లూ జనాలకి ఏం నేర్పాన్రా నేను? నా కాలే నా మాట వినట్లేదు!"

తప్పు నాది కూడా కాబట్టి వెనక సీటు దిగకుండా ఆయనతోనే తిరిగాను.

మూడో రోజు బస్టాపు ముందు కారాపి అద్దం దించాడు. వెనక నేనున్నాను.

"ఎక్కు."

"ఎక్కను. నా నడుం విరగ్గొడతారు."

బస్టాపులో అందరూ మా వైపే చూస్తున్నారు. పెదనాన్న గొంతు తగ్గించాడు.

"నాకు నేర్పడానికి ఎక్కవే."

పెద్దమ్మ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసి, ఎక్కి కూర్చుంది.

"ఎడమ చెప్పు విప్పండి. కాలు వెనక్కి లాక్కోండి. ఇంకా! అది కదిలిందో, కట్టు కట్టి పడేస్తా."

దారి పొడవునా కాలు కదిలినప్పుడల్లా ఆయన తొడ మీద చరుస్తూనే ఉంది. పన్నెండు దెబ్బలు లెక్కపెట్టాను. బ్రేకు మీద ఎడమ కాలు మాత్రం ఒక్కసారీ పడలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర దిగి, లోపలికి వంగింది.

"ఫెయిలయ్యారు. రేపు మళ్లీ క్లాసుంది, లేటుగా రాకండి."

అది తిట్టో, మెప్పో తేల్చుకోలేక, పెదనాన్న బుద్ధిమంతుడిలా తలూపాడు.