నా హోంవర్కు, మా బామ్మర్ది బండి

మొన్న నేను ఏడో తరగతి పిల్లలకు ఇచ్చిన హోంవర్కుతోటి మా బామ్మర్ది బండి చేయిజారిపోయింది. నవ్వకుండ్రి. హోంవర్కు చేయక పిల్లలు నష్టపోయింది అందరం చూసినం. పిల్లలు బుద్ధిగ చేసుకొస్తే సారు మునిగిపోయింది ఎక్కడన్న విన్నరా? చాయ తాగుకుంట వినుండ్రి, చెప్త.

మా బామ్మర్ది చెన్నయ్య మా ఊర్లనే ఉంటడు, ఆత్మకూర్ దిక్కు. గొర్లు కాస్తడు. వారం వారం అంగడికి గొర్లను తీస్కపోవాలంటే మా ఊర్ల కుర్మయ్య ట్రాలీ ఆటో ఒక్కటే దిక్కు. కుర్మయ్యకు కూడా గొర్లున్నయి. అందుకని ముందు తన గొర్లను అంగట్ల దించొచ్చి, ఒక చాయ తాగి, నింపాదిగ మా చెన్నయ్య గొర్లను ఎక్కిస్తడు. ఇవి పోయేసరికి మంచి బేరగాళ్లు ఇంటిదారి పట్టి ఉంటరు. కిరాయి మాత్రం తగ్గించడు. నాకంటూ ఒక బండి ఉంటే గా మనిషి మొకం చూసే పని లేదు బావా అని చెన్నయ్య ఏండ్ల సంది అంటనే ఉన్నడు. మొత్తానికి ఈసారి బండికి సరిపోను కూడబెట్టిండు.

జడ్చర్లల పాత బండ్లమ్మే ఖాజాభాయ్ కాడ ఒక తెల్ల పికప్పు ఉన్నదని తెలిసి, ఆదివారం నా స్కూటర్ మీద ఇద్దరం పోయినం. బండి చూస్తే ముచ్చటేసింది. చెన్నయ్య వెనుక ఎక్కి, చేతులు చాపి కొలిచి, సగం మంద ఒక్క ట్రిప్పులనే పోతది అని మురిసిండు. టైర్లు తన్ని చూసిండు, హారన్ కొట్టి చూసిండు. అన్నీ నచ్చినయి. ఒక్కటే అనుమానం. ముందర గ్రిల్ మీదున్న పేరు మన దేశపు పేరు లెక్క లేదు.

ఆ అనుమానం ఊకెనే రాలేదు. మా ఊర్ల ఒకాయన బయటి దేశపు వరికోత మిషన్ తెచ్చిండు. ఒక్క పార్టు విరిగితే, అది సముద్రం దాటి వచ్చేసరికి కోతలైపోయినయి, మళ్ల నాట్లు కూడా అయిపోయినయి. మిషన్ల కోడి పొదిగింది. చెన్నయ్య బండి కూడా గట్ల పండుకుంటే మళ్ల పోయి కుర్మయ్య ముంగట నిలవడాలె. మన దేశంల తయారైతేనే కొంట, లేకుంటే ముట్టను అని చెన్నయ్య ఇంటికాడనే అనుకొని వచ్చిండు.

ఖాజాభాయ్‌ని అడిగితే, "ఏ దేశందో నాకేమెరుక సార్‌సాబ్, నా కాడికైతే మహబూబ్‌నగర్ నుంచొచ్చింది" అన్నడు. తెలిసినోళ్లున్నరు, రేపు కనుక్కొని చెప్త అని కూడా అన్నడు. రేపటిదాక ఆగితే అయిపోతుండె. కానీ పక్కన నేనున్న గద.

ఆ మధ్య నాకు వాట్సాప్‌ల ఒక మెసేజ్ వచ్చింది. బండి ఏ దేశంల పుట్టిందో దాని చాసిస్ నంబరు మొదటి అక్షరమే చెప్తది, జె ఉంటే జపాన్ అని. అంతవరకు చదివిన. దాని కింద 'ఇంకా చదవండి' అని నీలం అక్షరాలల్ల ఉండె. సంగతి అర్థమైంది గద, ఇంకేం చదువుడు అని ఫోను జేబుల పెట్టుకున్న.

కనుక్కునుడెందుకు, బండినే అడుగుదాం అని అంగీ చేతులు మడిచిన. ఆర్‌సీ కార్డు ఇంటికాడున్నది, పోరడిని పంపి తెప్పిస్త అని ఖాజాభాయ్ అంటుంటే, కార్డు మీద అచ్చుతప్పు పడొచ్చు భాయ్, ఇనుము మీద పడదు అన్న. ఆదివారమని తెల్లంగీ తొడుక్కొని పోయిన. దాంతోనే ముందు చక్రం పక్కన వెల్లకిల పండి బండి కిందికి దూరిన. ఆ బండి అంతకుముందు టమాటలు మోసిందో చేపలు మోసిందో తెల్వదు, రెండు వాసనలూ ఉన్నయి. ఇనుప పట్టీ మీద నంబరుకు మట్టి పట్టి కనవడ్తలేదు. జేబుల సుద్దముక్క ఉండె. మా పనిల ఉన్నోళ్ల జేబుల అది ఎప్పుడూ ఉంటది. దాంతోటి రుద్దిన. అక్షరాలు తెల్లగ తేలినయి. మొదలు ఎం, తర్వాత బి, ఆ వెనుక ఏవో అంకెలు.

కింద పండుకొనే ఆలోచన చేసిన. ఇండియా అయితే ఐ ఉండాలె. లేదు, కాబట్టి మనది కాదు. ఎం తోటి ఏ దేశాలున్నయి? మంగోలియా. వాళ్లకు గుర్రాలుంటయి, బండ్లెందుకు? మాల్దీవులు. అక్కడ పడవలు. మెక్సికో. అంత దూరంకెల్లి జడ్చర్లకు దేనికొస్తది? ఇగ మిగిలింది ఒక్కటే. బయటికొచ్చి, వీపు దులుపుకొని తీర్పు చెప్పిన.

"చెన్నయ్యా, ఇది మలేషియా బండి."

ఖాజాభాయ్ నోరు తెరిచిండు. చెన్నయ్య మొకం చిన్నగైంది. అయినా బండి మీదికెల్లి చెయ్యి తీస్తలేడు. గప్పుడు నాకొక కథ యాదికొచ్చింది. నాకు కథ యాదికొస్తే చెప్పకుంట ఉండుడు నాతోని కాదు.

ఒక రైతు రాయిచూరు దిక్కు సంతకు పోయి మంచి ఎద్దును కొనుక్కొచ్చిండట. ఇంటికి తెచ్చి కాడి కట్టి నడువంటే నిలవడతది, నిలవడంటే ఉరుకుతది. ఎద్దు చెడ్డది కాదు. దానికి కన్నడమే తెలుసు. ఆఖరుకు రైతు మళ్ల రాయిచూరు పోయి, ఎద్దును అమ్మినాయననే బతిమాలి తోలుకొచ్చుకున్నడు. ఆ యేడంత ఎద్దుకు గడ్డి, ఆ మనిషికి జొన్నరొట్టె. పంట ఇంటికొచ్చేసరికి ముగ్గురిల బక్కచిక్కింది రైతొక్కడే.

"బండి కొంటవా, బండితోటి మలేషియా మెకానిక్కును కూడా సాదుతవా?" అని అడిగిన.

చెన్నయ్య బండి మీదికెల్లి చెయ్యి తీసిండు. ఇద్దరం తిరిగొచ్చినం. దారిపొడుగునా, నువ్వు లేకుంటే మునిగిపోదును బావా అని మెచ్చుకుంటనే ఉన్నడు.

తెల్లారి సోమవారం. ఇంత మంచి అనుభవాన్ని పిల్లలకు చెప్పకపోతే నేనేం పంతులును? ఏడో తరగతిల పాఠం పక్కకు పెట్టి, చాసిస్ నంబరు సంగతి, జడ్చర్ల సంగతి, ఎద్దు సంగతి అన్నీ చెప్పిన. ముందు బెంచీల కుర్మయ్య బిడ్డ మంజుల కూసుంటది. ఆ రోజు కన్నార్పకుంట విన్నది. గా బండి ఏ షెడ్డుల ఉన్నది సార్ అని కూడా అడిగింది. పిల్లకు ఎంత శ్రద్ధ అని మురిసిపోయి, ఖాజాభాయ్ షెడ్డు, బస్టాండు దాటినంక ఎడమచేతి పక్కకు అని గుర్తులతోటి సహా చెప్పిన. పోంగ పోంగ హోంవర్కు ఇచ్చిన. ఇంట్ల ఏ బండి ఉన్నా పెద్దోళ్లనడిగి ఆర్‌సీ కార్డు చూసి, చాసిస్ నంబరు మొదటి అక్షరం రాసుకొని రాండ్రి, ఏ బండి ఏ దేశందో రేపు తేలుద్దాం అన్న.

మంగళవారం అందరు చేసుకొచ్చిండ్రు. మంజుల ఒక్కతే రాలేదు. ఎన్నడూ నాగా పెట్టని పిల్ల, జరమొచ్చిందేమో అనుకొని మొదలువెట్టిన. ఒక్కొక్కరు లేచి చెప్తున్నరు, నేను బోర్డు మీద రాస్తున్న. మోటర్‌సైకిల్, ఎం. ఆటో, ఎం. ఇంకో మోటర్‌సైకిల్, ఎం. ట్రాక్టరు, ఎం. నీళ్ల ట్యాంకరు లాగే బండి, అది కూడా ఎం. బోర్డు నిండింది గానీ ఎం తప్ప ఇంకో అక్షరం దొరుకలే. మొదట సంబురపడ్డ, మా ఊరికి మలేషియాతోటి ఇంత సంబంధం ఉన్నదా అని. వెనుక బెంచీల ఒక పిల్ల లేచింది.

"సార్, మలేషియాల ఇన్ని బండ్లు మనకే పంపిస్తే, వాళ్లు దేని మీద పోతరు?"

నేను నా జేబుల ఉన్న ఆర్‌సీ కార్డు తీసి చూసిన. నా స్కూటర్‌ది కూడా ఎం. కొన్న రోజు దాని మీద 'ఇండియాలో తయారైంది' అని ఉన్న స్టిక్కరును నా చేతులతో నేనే గీకి తీసిన.

పిల్లలకు ఎక్కాలు రాయమని చెప్పి, వరండాల నిలవడి ఫోను తీసిన. ఆ మెసేజ్ ఎతికి, 'ఇంకా చదవండి' అన్నకాడ వేలు పెట్టిన. చదివిన. ఐ అక్షరమే వాడరట, ఒకటి అంకె లెక్క కనవడ్తదని. ఎం పక్కన ఏ నుంచి ఈ దాక ఏది ఉన్నా అది ఇండియా అట. మలేషియా మొదలయ్యేది పి తోటి అట. ఎం పక్కన బి ఉన్న ఆ పికప్పు పేరుకే బయటి దేశంది, పుట్టింది మన గడ్డ మీదనే.

పరీక్షల ప్రశ్న మొత్తం చదవకుంట జవాబు రాయొద్దని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిన్నో ఆ వరండాకు తెలుసు.

హెడ్‌మాస్టరుకు సగం రోజు సెలవు చీటీ రాసిచ్చి, చెన్నయ్య గొర్ల కాడికి పోయి సంగతి చెప్పిన. ఆయన మందను పక్కాయనకు అప్పజెప్పి స్కూటర్ ఎక్కిండు. జడ్చర్ల దాక నేను పోయిన వేగానికి హెల్మెట్ లోపల చెమట కారింది.

షెడ్డు ముంగట ఆ తెల్ల పికప్పు నిలవడి ఉన్నది. బంతిపూల దండ, అద్దం మీద పసుపుబొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ముందర వంగి కొబ్బరికాయ కొడుతున్నది కుర్మయ్య. డ్రైవర్ పక్క సీట్ల మంజుల కూసున్నది. నన్ను చూసి కిటికీల నుంచి నోటుబుక్కు చాపింది.

"సార్, నేను హోంవర్కు చేసిన. మా ట్రాలీది ఎం సార్."

కుర్మయ్య లేచి చేతులు తుడుచుకున్నడు. ఆయన చెప్పింది ఇది. ట్రాలీల గొర్లు పట్టక ఆయన కూడా పెద్ద బండి కోసం చూస్తున్నడు. ఆయన ట్రాలీ తయారైన కంపెనీలనే ఆయన అన్న కొడుకు పనిచేస్తడు, అదున్నది పక్క రాష్ట్రంల. రాత్రి బిడ్డ కార్డు చూసి, నాయినా మన ట్రాలీ కూడా మలేషియాదే అన్నది. కుర్మయ్య ముందు నవ్విండు, తర్వాత ఆలోచన చేసిండు. ట్రాలీది ఎం, పికప్పుది ఎం. ట్రాలీ ఇక్కడిదైతే పికప్పు కూడా ఇక్కడిదే. పొద్దుగాల అన్న కొడుకుకు ఫోన్ చేసి పక్కా చేసుకున్నడు, మొదటి బస్సుకే బయలెల్లిండు.

"షెడ్డు దొరుకుతదో లేదో అనుకున్న సారూ. బిడ్డ మీరు చెప్పిన గుర్తులు ఒక్కటి మరువలే. మంచిగ చెప్తరు మీరు పాఠం."

అని చెరో కొబ్బరిముక్క చేతుల పెట్టిండు. ప్రసాదం వద్దనొద్దు గద. చెన్నయ్య నములుకుంట ఆ బండి వెనుక జాగా దిక్కే చూస్తున్నడు. నేను నా ముక్కను జేబుల సుద్దముక్క పక్కన పెట్టుకున్న.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిల చెన్నయ్య వెనుకకెల్లి మెల్లగ అన్నడు.

"ఎద్దు కథ మాత్రం మంచిగుండె బావా."

అంతకన్న ఒక దెబ్బ కొట్టినా బాగుండు. ఇంటికాడ నా భార్య అలివేలు చెన్నయ్యకు పెద్ద అక్క. ఆమె గట్ల ఊకోలే. బడిల పిల్లలకు తప్పు చెప్తే బుధవారం పోయి దిద్దుకుంటవు, మా తమ్ముని బండిని ఏ సుద్దముక్కతోటి దిద్దుతవు అని అడిగింది. నేను బుధవారం బడిల దిద్దుకున్న. తప్పు నాదేనని బోర్డు మీద రాసి మరీ చెప్పిన. పిల్లలు పెద్దమనసుతోటి క్షమించిండ్రు. కాకపోతే ఇంటికి పోయి ఊరంతట చెప్పిండ్రు.

చెన్నయ్య దిగులుపడి కూసునే మనిషి కాదు. మొన్న ఆదివారం హుజూర్‌నగర్ కాడ ఇంకో పికప్పు ఉన్నదని తెలిస్తే, అంత దూరమైనా అక్కను తోడు తీస్కొని పోయిండు. నేను కూడా వస్త అని చెప్పులేసుకున్న. గొర్ల కాడ ఒక మనిషి ఉండాలె గద బావా అని కట్టె నా చేతికిచ్చిండు. సాయంత్రం ఫోన్ చేసి, బండి కుదిరింది, ఖాయం చేసుకున్నం అన్నడు. ఏ దేశంది అని నా నోటిదాక వచ్చింది. మింగిన.

గా ఫోన్ పెట్టేసి తారురోడ్డు పక్కన మందను మలుపుతుంటే కుర్మయ్య పికప్పు ఎదురొచ్చింది. హారన్ కొట్టి, చెయ్యెత్తి దండం పెట్టి పోయిండు. అందరి బండ్ల వెనుక అమ్మానాన్నల దీవెనలు, దేవుళ్ల పేర్లు ఉంటయి. ఈ బండి వెనుక పచ్చ రంగుతోటి పెద్దపెద్ద అక్షరాలు రాసున్నయి: 'మలేషియా సారు దీవెనలతో'.

ఇన్నేండ్ల సర్వీసుల నా పేరు రాయించింది ఒక్క కుర్మయ్యనే. అలవాటు కొద్దీ అక్షరదోషాలు ఏమన్న ఉన్నయా అని చూసిన. ఒక్కటి లేదు. ఉండదు కూడా. మా మండలంల బోర్డులు రాసే పెయింటరు నా దగ్గర చదువుకున్నోడే.