నీళ్లు తాగిన ఇనుప ఎద్దు

బోధన్‌లో సిద్దిరాములు తాతకు రాని పని లేదు. ఈ మాట చెప్పింది ఆయనే కాబట్టి నమ్మక తప్పదు. ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ గొట్టాలు అతికాడు. ఫ్యాక్టరీ మూతపడింది, గొట్టాలు తుక్కులోకి పోయాయి, తాత గర్వం మాత్రం చెక్కుచెదరకుండా ఇంటికొచ్చింది. అప్పటినుంచి పెరటి షెడ్డులో దాన్నే మేపుతున్నాడు.

నిరుడు పక్క క్యాంపు నుంచి జగ్గారావు వచ్చాడు. చెరకు ఆసామి, పెద్దల నాడే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద క్యాంపు పేరుతో ఊరు కట్టుకుని స్థిరపడిన కుటుంబం. "మా క్యాంపులోకి వచ్చే దారి మొదట్లో పెద్ద ఇనుప ఎద్దును నిలబెట్టాలండీ. మీరే చేయాలి" అన్నాడు. 'మీరే' అన్న ఆ ఒక్క మాటకు తాత ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరికీ పనికిరాకుండా పోయాడు.

ఎద్దు రెండు నిలువుల ఎత్తు లేచింది. రేకుల ఒళ్లు, గొట్టాల కాళ్లు. ముఖంలో ఎద్దు పోలిక తక్కువ, తాత బావమరిది పోలిక ఎక్కువ.

రేపు క్రేన్ వస్తుందనగా తాత మోటారు పైపు తెచ్చి మూపురం మీది బెజ్జంలో దూర్చాడు. బాయిలర్‌కు అతుకు వేశాక నీళ్లు నింపి చూస్తారు. చుక్క కారితే అతుకు దండగ. ఇది బాయిలర్ కాదన్న సంగతి తాతకు అడ్డం రాలేదు.

పక్కింట్లో గేట్లు, గ్రిల్లులు చేసే గులాం గోడ మీంచి చూశాడు.

"సిద్దన్నా, ఎద్దు కడుపుల చాయ కాస్తున్నవా ఏంది?"

"నీ అతుకులల్ల గాలి సుత ఆగదు. గీడ సుక్క కారదు, సూసి నేర్సుకో."

"కారితే ఏమైతదే? అది రోడ్డు మీద నిలబడేదే గద."

"నా చేతికెల్లి పోయేది పరీక్ష కాకుంట పోదు."

తాత భార్య నాగవ్వ గిన్నెలు తోముతూ అంది: "వంటింట్ల నల్లా ఆర్నెల్ల సంది కారుతున్నది. దానికి లేదు పరీక్ష."

గంటన్నరలో ఎద్దు నిండింది. ఒక్క చుక్క కారలేదు. తాత అతుకు మీద వేలు రాసి, గోడ దగ్గరికి పోయి, పొడి వేలు గులాంకు చూపించాడు. అంత బరువు మోయాలని కాళ్లకు ఎవరూ చెప్పలేదు. తాత వెనక్కి తిరిగేసరికి ముందు కాళ్లు రెండూ వంగి, ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది.

"కారలె" అన్నాడు తాత.

"కారలె, కూసున్నది" అన్నాడు గులాం.

జగ్గారావుకు ఫోన్ చేశారు. "చతికిలబడ్డ ఎద్దు మాకెందుకండీ? రేపు మధ్యాహ్నానికి నిలబడకపోతే నిజామాబాద్ నుంచి సిమెంటుది తెప్పించుకుంటాం" అన్నాడు. తాత ముఖం పాలిపోయింది, ముఖ్యంగా సిమెంటు అన్నచోట.

నీళ్లు తోడేశారు. రెండు కాళ్లూ కోసి కొత్తవి అతకాలి, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. తాత అడగడు. ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు. నాగవ్వే గోడ దగ్గరికి పోయింది.

"గులాం, జర రాయ్యా. మీ అన్న అడుగడు, నేనడుగుతున్న."

ఎడమ కాలు తాత, కుడి కాలు గులాం. పది నిమిషాలకోసారి తాత కుడి కాలు దగ్గరికి వచ్చి, గులాం అతుకు చూసి, "పేడ అలికినట్టున్నది" అని పోయేవాడు.

"మోటర్ ఎయ్యాల్నా మల్ల?" అని గులాం అడిగితే రావడం మానేశాడు.

మర్నాడు క్రేన్ ఎద్దును లారీ ఎక్కించింది. క్యాబిన్‌లోకి రమ్మంటే తాత వినలేదు. వెనకెక్కి, క్యాంపు దాకా కుడి కాలును రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

"అదేంటండీ?" అన్నాడు జగ్గారావు.

"గీ కాలు నాది కాదు" అన్నాడు తాత.

దిమ్మె మీద దించి, క్రేన్ గొలుసు విప్పాక కూడా వదల్లేదు. జనం నవ్వుతుంటే చివరికి ఒక చేయి, తర్వాత రెండోదీ తీశాడు. ఎద్దు కదల్లేదు. భుజంతో ఒక నెట్టు నెట్టాడు. అయినా కదల్లేదు.

గులాం చుట్టుపక్కల లేడని చూసుకుని, "మంచిగనే అతికిండు" అన్నాడు.