గోడకీ మంచానికీ మధ్య

ఆ పెద్దాయన ఈ వారం కూడా నోరు తెరవకపోతే నా ఉద్యోగానికి నేనే దండం పెట్టేద్దామనుకున్నాను.

ఆక్యుపేషనల్ థెరపీ చదివి, ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో కొత్తగా చేరిన రోజులు. జబ్బుపడ్డ మనిషి మళ్ళీ తన చేత్తో తాను తిని, తన చొక్కా తాను తొడుక్కునేలా చేయడం మా పని. బెంగాలీ ఇళ్ళలో నన్ను మాలిష్ దీదీ, అంటే ఒళ్ళుపట్టే అక్క, అన్నారు. తెలుగు ఇళ్ళలో, పిల్ల ఏదో ఆడిస్తోంది, ఆడించనీ అన్నారు. ఒక్కరూ బాగుపడలేదు. సైకిల్ తొక్కి తొక్కి నేను మాత్రం సన్నబడ్డాను, గాలి వేస్తే ఊరి అవతలి ప్రేమ్ బజార్ దాకా తొక్కకుండానే వెళ్ళిపోయేంత.

పెద్దాయనది రైల్వే వర్క్‌షాపులో పని. పక్షవాతం ఎడమ చేతినీ కాలినీ పట్టేసింది. దాంతోపాటు ఎడమవైపు అనేది ఒకటి ఉందన్న సంగతే ఆయన మెదడులోంచి పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి. అటువైపు ఏముందో చూడాలన్న తలపే రాదు. ఆయన మంచం కుడివైపు గోడకి ఆనించి ఉండేది. మనుషులందరూ వచ్చేది ఎడమవైపు నుంచే. ఆయన రోజంతా గోడనే చూసేవాడు.

"నా మొకం సూడనని ఒట్టెట్టుకున్నాడు," అనేది ఆయన భార్య, ఎడమపక్కన పీట మీద కూర్చుని, గిన్నెలో జావ కలుపుతూ. "నా సేతి ముద్ద ముట్టడు. ముప్పయ్యేళ్ళ కాపరం. నానేటి సేసినానో సెప్పి సావొచ్చు కదా."

గోడకేసి చూస్తూ ఆయన పళ్ళు బిగించేవాడు. మనిషి రోజురోజుకీ పరుపులోకి ఇంకిపోతున్నాడు.

నాకు చేతనైన విద్య, కోతలు కొయ్యడం, కూడా వాడాను. మన ఊరి రైలు ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఈ చివర దిగిన పెళ్ళికొడుకు ఆ చివర గేటు దాటేసరికి తాతయ్యాడని చెప్పాను. గోడ నవ్వినా నవ్వి ఉంటుంది, ఆయన నవ్వలేదు.

"మంచం తిప్పేద్దాం పిన్నిగారూ," అన్నాను చివరికి. "తల ఇటూ కాళ్ళు అటూ పెడితే, మీరు ఆయన కుడివైపుకి వస్తారు."

"ఉత్తరం దిక్కు తల పెట్టించమంటావేటి? బతికున్నోడికి?"

అవతలి గోడకి తలుపూ బీరువా. మంచం పట్టే చోటు ఇంకెక్కడా లేదు. నేను తడుముకోకుండా, గంగ దాటిన దేశంలో ఉత్తరం దోషం పట్టదని, మా తాతకి ఒక కాశీ పండితుడు చెప్పాడన్నాను.

ఆవిడ జావ కలపడం ఆపింది. "నాను పుట్టింది ఈ ఊరి రైల్వే ఆసుపత్రిలోనే పిల్లా. గంగ మనకింకా అవతలే ఉందని నాకు తెల్దా? నీ తాతనీ ఆ పండితుణ్నీ మీ ఇంటికాడే ఉంచుకో."

ఇక నా దగ్గర అబద్ధాలు కూడా అయిపోయాయి. ఏడుపు వచ్చింది. అది కనబడకుండా ఉండేందుకో ఏమో, మంచం పట్టుకుని ఈవలికి లాగాను. జానెడు జరిగి, తలవైపు కోడు బీరువాకి తగిలింది. ఆ సందులోకి, గోడ సున్నమంతా వీపుకి రాసుకుంటూ, అడ్డంగా దూరాను.

పెద్దాయన నన్ను చూశాడు. అన్నాళ్ళలో మొదటిసారి.

"ఎవులు నువ్వు?"

చెప్పాను.

గొంతు తగ్గించి అడిగాడు: "మా ఇంటిది ఎప్పుడు పోయింది? నాకెవులూ సెప్పరేటి? పక్కింట్లోంచి దాని గొంతులాగే ఇనిపిస్తాది. అది పోయినాక నాకు తిండెందుకు?"

మంచానికి అటుపక్క, ఆయనకి మూరెడు దూరంలో, ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది.

నేను సందులోంచి బయటికి వచ్చాను. ఆవిడ గిన్నె పీట మీద పెట్టింది. చీర బిగించి, ఆ సందులోకి తానే దూరింది. నాకంటే రెండింతల మనిషి. సగం దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది.

"ఏటే," అన్నాడాయన, చాలాసేపు చూసి. "ఎక్కడికి పోనావు ఇన్నాళ్ళూ?"

"ఎక్కడికి పోతాను. ఇక్కడే సస్తన్నాను. నోరు తెరు."

తెరిచాడు. నేను ఎడమపక్క నుంచి గిన్నె అందించాను, ఆవిడ చెంచాతో పెట్టింది. నాలుగు చెంచాలు మింగాడు, సగం గడ్డం మీదే కారింది. నేను ఇటునుంచి ఎంత పిలిచినా తల తిప్పలేదు. ఎడమ చెయ్యి పరుపు మీద ఎవరో మరిచిపోయినదానిలా పడి ఉంది. అది తనదేనని ఆయనకి తెలియాలంటే, ఆవిడ ఆ సందులోంచి కాళ్ళవైపుకి, అక్కణ్నుంచి ఈ పక్కకి, కొంచెం కొంచెంగా జరగాలి. ఆవిడ వెనకాలే ఆయన చూపు కూడా రావాలి. వస్తుందో రాదో నాకు తెలియదు. తెలుసుకోకుండా ఈ పని వదలలేనని మాత్రం అర్థమైంది.

బయల్దేరబోతుంటే ఆవిడ గోడవైపు నుంచి పిలిచింది.

"రేపొస్తావేటి పిల్లా?"

"వస్తాను పిన్నిగారూ."

"రేపటి సంగతి రేపు. ముందు నన్నిక్కణ్నుంచి లాగీసి పో."