శివలీల వెతికిన చల్లనీళ్లు

పత్తికొండలో టమాటా మార్కెట్టుకు పోయే రోడ్డు మీద ఒక మేడ ఉంది. దాని పైగదిలో శివలీల ఒక్కతే అద్దెకుంటుంది. పగలు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మిగతా పొద్దంతా సముద్రంతోనే గడుపుతుంది. ఆ వీధిలో సముద్రాన్ని చూసినవాళ్లే తక్కువ. ఇంటి ఓనరమ్మ ఆమె లాప్‌టాప్‌లో రంగురంగుల పటాలు చూసి, టీచరమ్మ వానలు చెబుతుందని నలుగురికీ చెప్పింది. ఒక రైతు మెట్లెక్కి వచ్చి, "ఈ వారమన్నా పడ్తాదా మేడమ్?" అని అడిగాడు. తనకు తెలియదంటే నమ్మక, చెప్పడం ఇష్టంలేదేమో అనుకుని చిన్నబుచ్చుకుని దిగిపోయాడు.

ఆలూరు దగ్గర మెట్టసేద్యం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషికి ఈ సముద్రం పిచ్చి విశాఖపట్నంలో పట్టింది. ఎమ్మెస్సీకి అక్కడికి పోయిన ఏడాది, ఏప్రిల్ ఎండలో చెమటలు కక్కుతూ బీచికి వెళితే కాళ్లకు తగిలిన నీళ్లు జివ్వుమన్నాయి. ఎందుకని పక్కనున్న క్లాస్‌మేటు యేసుప్రసాదును అడిగింది. అతనిది కమలాపురం. ఆ డిపార్ట్‌మెంటులో సీమ మాట మాట్లాడేది వాళ్లిద్దరే.

అతను ఇసుకలో వేలితో గీత గీశాడు. "ఇది గట్టు అనుకో. ఎండాకాలం గాలి దీని ఎంబడే ఉత్తరం పక్కకు తోలుతాది. భూమి తిరుగుతాంది గదా, అందుకని పైనీళ్లు గాలికి నేరుగా పోవు. కుడిపక్కకు, సముద్రం లోపలికి జరుగుతాయి. అవి జరిగిన చోటికి అడుగునుండే సన్నీళ్లు పైకొస్తాయి. వాటితోపాటే చేపలకు మేత."

ఆ చల్లనీళ్ల మీదే ఇద్దరూ పరిశోధనకు చేరారు. పెళ్లి చేసుకుందామనీ అనుకున్నారు. అతని వైపు చర్చి పెద్దలు అడ్డుచెప్పారు, ఈమె ఇంట్లో గొడవలయ్యాయి. అవన్నీ ఆమె ఓర్చుకుంది. చివరికి వద్దన్నది మాత్రం ప్రసాదే. పరిశోధన కూడా వదిలేసి కడపలో ఉద్యోగం చూసుకున్నాడు. శివలీల తన పరిశోధనను పార్ట్‌టైముకు మార్చుకుని ఇటు వచ్చేసింది.

పని మాత్రం వదల్లేదు. యూనివర్సిటీ కంప్యూటర్‌లో సముద్రానికి ఒక మోడల్ ఉంది. గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా వీస్తోందో దానికి అందిస్తే, నీళ్లు ఎలా కదులుతాయో, ఎక్కడ వేడెక్కి ఎక్కడ చల్లబడతాయో అది లెక్కగట్టి చూపిస్తుంది. ఆమె మేడ మీద కూర్చుని ఇంటర్నెట్ ద్వారా దాన్ని నడిపేది. ఉపగ్రహం తీసిన పటాల్లో విశాఖ తీరం వెంబడి చల్లని పట్టీ స్పష్టంగా కనిపించేది. ఆమె మోడల్‌లో మాత్రం తీరం గోరువెచ్చగానే ఉండిపోయేది. ఉప్పు మార్చి చూసింది, లోతు మార్చి చూసింది. ఎన్ని చేసినా ఆ పట్టీ రాలేదు. గైడు కూడా విసిగిపోయి, "వేరే అంశం తీసుకోరాదూ?" అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఊరికి పోయింది. ఆమెను పెంచిన చిన్నమ్మ భీమక్క, ఇంటికని ఉంచుకున్న పప్పుశనగను కళ్లంలో తూర్పారబడుతోంది. భీమక్కకు చెవులు పూర్తిగా పోయాయి. తాను మాట్లాడుతుందేగానీ ఎదుటివాళ్ల మాట వినపడదు.

"అట్ల నిలబడకపోతే చేట పట్టుకోరాదా మే?" అంది.

శివలీల చేట పైకెత్తి నిలబడింది. గాలి లేదు. చేతులు లాగుతున్నాయి. ఉన్నట్టుండి ఒక విసురు వచ్చింది. పొట్టు మొత్తం ఎగిరి దూరంగా పడింది, గింజలు కాళ్ల దగ్గర రాలాయి. మళ్లీ గాలి ఆగిపోయింది. పొద్దు తిరిగేసరికి కుప్ప శుభ్రమైంది. పనంతా చేసింది ఆ కాసిని విసురులే. రోజంతటి గాలికి సగటు కడితే పొట్టు కూడా లేచేది కాదు.

చేట దింపి అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ తాను మోడల్‌కు ఇస్తున్నది రోజువారీ సగటు గాలి. గాలి వేగం రెట్టింపైతే నీళ్ల మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. సగటులో ఆ జోరు అణిగిపోతుంది. పైగా ఆ డేటా పటాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో గాలి ఇస్తుంది; ఆ గళ్లు పెద్దవి. తీరాన ఒక్కో గడిలో సగం నేల, సగం నీళ్లు. నేల మీద చెట్లకూ గుట్టలకూ తగిలి మందగించిన గాలినే సముద్రపు గాలిగా మోడల్ తీసుకుంటోంది.

"చిన్నమ్మా, తప్పు యాడుండాదో దొరికింది" అంది.

"ఆఁ, నీళ్లు ఆడనే ఉండాయి, తాగు" అంది భీమక్క, ఆమె పెదాలు కదలడం చూసి దాహమనుకుని.

పత్తికొండకు తిరిగొచ్చాక గంటగంటకూ కొలిచిన, చిన్న గళ్లుండే గాలి డేటా సంపాదించింది. దాన్ని మోడల్‌కు తగ్గట్టు మార్చడానికే వేసవి సెలవులు అయిపోయాయి. ఒక మధ్యాహ్నం పటం తెరిస్తే తీరం వెంబడి చల్లదనాన్ని చూపే నీలిరంగు పట్టీ కనిపించింది. ఉపగ్రహం చూపినంత వెడల్పు లేదుగానీ, అదే చోట ఉంది. శివలీల లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఎవరికైనా చెప్పాలి. కింద ఓనరమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది. ఆమెకు ఏమని చెప్పాలి? అప్పుడు, ఏళ్లుగా చేయని నంబరుకు ఫోన్ చేసింది.

"నేను, శివలీలను. తీరంలో సన్నీళ్లు వచ్చినాయి ప్రసాద్."

అవతల పిల్లల అల్లరి. "ఏం నీళ్లు?" అన్నాడు. తర్వాత గుర్తొచ్చి, "ఓ, ఆ పనా? అది ఇంకా చేస్తాండావా నువ్వు?" అన్నాడు. గొంతు మంచిగానే ఉంది. "మేమైతే బాగుండాం. ఎప్పుడన్నా కడపకొస్తే ఇంటికి రా" అన్నాడు.

వస్తానంది. ఫోన్ పెట్టేశాక మళ్లీ ఆ నీలిపట్టీ ముందు కూర్చుని గైడుకు పటం పంపింది. మిగతా ఏళ్ల గాలితోనూ చేసి చూడమని ఆయన జవాబిచ్చాడు. చేసింది. ఆ మరుసటేడు డాక్టరేట్ వచ్చింది. కాలేజీలో శాలువా కప్పారు.

ఇప్పుడు ఆ మోడల్ మీద జీవిత అనే అమ్మాయి కొత్తగా పనిచేస్తోంది. సందేహం వస్తే విశాఖ నుంచి ఫోన్ చేస్తుంది. శివలీల ఓపిగ్గా చెబుతుంది. "సరే మేడమ్, అర్థమైంది" అని ఆ పిల్ల అనగానే, ఫోన్ పెట్టేస్తుందేమోనని, "అవునూ, ఈరోజు అక్కడ గాలి ఎట్లుండాది?" అని అడుగుతుంది.

జీవిత కిటికీ దాకా వెళ్లి చూసి చెబుతుంది.