పెళ్ళిచూపులని చెప్పి వెళ్ళిన ఇంటర్వ్యూ

ఓనరుగారిని వెంటబెట్టుకుని, ఆయన కారులోనే, ఆయన కొట్టు మానేయడానికి ఇంటర్వ్యూకి వెళ్ళినవాణ్ణి కృష్ణా జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. తప్పు చేశానని మాత్రం ఒప్పుకోను.

తొంభైల చివర్లో మాట. బెజవాడ వన్ టౌన్‌లో ఇనప సామాన్ల హోల్‌సేల్ కొట్లో గుమస్తాని. మా ఓనరు కోటేశ్వరరావుగారికి ఆదివారం అనే రోజొకటి ఉందని తెలియదు. ఆ రోజు కొట్టు మూసి, గోడౌన్‌లో సరుకు సర్దించేవారు. నాలుగేళ్ళలో సినిమా కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. అలాంటప్పుడు ఉయ్యూరులో వ్యవసాయ మోటార్ల కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అక్కడ ఆదివారం సెలవని విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మా కొట్లో సెలవు దొరికేది రెండింటికే, చావుకీ పెళ్ళికీ. చావంటే ఉన్న ఒక్క మామ్మనీ చంపుకోవాలి, మనసొప్పలేదు. పైగా ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, చావింటికి అలా వెళ్తానంటే ఎవరు నమ్ముతారు? అందుకని బాగా ఆలోచించి, అంటే అస్సలు ఆలోచించకుండా, వెళ్ళి చెప్పాను.

"సోమవారం పెళ్ళిచూపులండీ. ఉయ్యూరులో."

"ఎవరెవరు వెళ్తున్నారు?"

"నేనొక్కణ్ణేనండీ."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "పెళ్ళిచూపులకి ఒక్కడివే వెళ్తావా? పెద్దదిక్కు లేదనుకోరూ? మీ నాన్నేడి?"

"నడుంనొప్పండీ."

"అయితే నేనొస్తా. మా ఆవిడ కూడా వస్తుంది. ఆడమనిషి లేకపోతే ఏం బావుంటుంది?"

మీరే చెప్పండి, కుర్రాడు ఒంటరిగా చెయ్యకూడని పని లోకంలో ఏదైనా ఉందంటే అది పెళ్ళిచూపులే. సరిగ్గా దాన్నే ఏరుకున్నాను. అంత తెలివి ఆ వయసులో నాకు పుష్కలంగా ఉండేది.

సోమవారం పొద్దున్నే కారు మా ఇంటి ముందు ఆగింది. వెనక సీట్లో అమ్మగారు పట్టుచీరలో, పక్కన పళ్ళబుట్టతో కూర్చున్నారు. ఓనరుగారు తోలుతూ దారంతా నాకు పాఠం చెప్పారు.

"పిల్లని తలెత్తి చూడు. నేలచూపులు చూడమాకు. తర్వాత నల్లగా ఉంది, పొట్టిగా ఉందంటే నేనూరుకోను."

"అలాగేనండీ."

"చేతిలో ఆ ఫైలేంటి?"

"జాతకమండీ."

కంకిపాడులో నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆయన పూలు కొనడానికి దిగారు, నా ధైర్యం కూడా అక్కడే దిగిపోయింది. ఉయ్యూరు వచ్చేసింది. ఇంటర్వ్యూకి టైమవుతోంది. వెనక్కి తిప్పమంటే ఉద్యోగం పోతుంది, ముందుకి పొమ్మంటే పరువు పోతుంది. పరువు అంతకుముందు కూడా పెద్దగా ఉన్నట్టు గుర్తులేదు. "ఆ సందులోకి తిప్పండి" అన్నాను.

ఒక డాబా ఇంటినే ఆఫీసు చేసుకున్నారు వాళ్ళు. వరండాలో ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నలుగురు కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. ఓనరుగారు వాళ్ళనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఏంటయ్యా, ఒక్క పిల్లకి ఇంతమంది పెళ్ళికొడుకులా?"

ఇంక దాచడం నావల్ల కాలేదు. "పిల్ల లేదండీ. ఉద్యోగం ఉంది. ఇంటర్వ్యూకొచ్చాను."

అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఓనరుగారి ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా లోపల్నించి నా పేరు పిలిచారు. ప్రాణం లేచొచ్చి లోపలికి పరిగెత్తాను.

మేనేజరు నా కాగితాలు చూసి పెదవి విరిచాడు. "ఇనప కొట్టా? మేకులు తూచే చోట నేర్చుకునేదేముంటుందండీ?"

తలుపు తీసే ఉంది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఓనరుగారు వచ్చి నా పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మేకులు తూచే చోటే వీడు నా కొట్టంతా నడిపాడు. వీడు చుట్టాల పెళ్ళికెళ్తే ఏ సరుకెక్కడుందో నాకు తెలీదు. రైతు కోపంగా వచ్చినా నవ్వుతూ పంపిస్తాడు."

"తమరెవరండీ?"

"అబ్బాయి తరఫు పెద్దని."

"ఇంటర్వ్యూకి పెద్దలేంటండీ?"

"వచ్చాంగా. అడిగేదేదో నన్నడగండి."

మేనేజరు తికమకపడి, "అలవాట్లేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"టీ. అదీ నేనిప్పిస్తేనే."

నాలుగేళ్ళలో ఆయన నోట నా గురించి ఒక్క మంచిమాట వినలేదు. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఇదంతా ముందే నాతో అని ఉంటే నేనీ ఊరు వచ్చేవాణ్ణా?

మేనేజరు ఫైలు మూశాడు. "ఇంత మంచి కుర్రాణ్ణి ఎవరొదులుకుంటారండీ. మాకు నచ్చాడు. ఒకటో తారీకున చేరమనండి."

తనేం చేశారో ఓనరుగారికి అప్పుడు తెలిసొచ్చింది. నెమ్మదిగా లేచి, కండువా సర్దుకుని, పిల్ల నచ్చనప్పుడు మగపెళ్ళివారు అనే మాటే అన్నారు.

"ఇంటికెళ్ళి ఏ సంగతీ కబురు చేస్తాం."

"కబురెందుకండీ," అన్నాను నేను. "నాకు నచ్చింది. ఇక్కడ ఆదివారం సెలవట. ఒకటో తారీకున వస్తున్నాను."

తిరుగుదారిలో ఓనరుగారు ఒక్క గతుకూ వదలకుండా కారు తోలారు. చివరికి అమ్మగారే, "అబ్బాయికి నచ్చాక మధ్యలో మనదేముందండీ" అన్నారు.

"నువ్వూరుకో. ఒరే, ఆదివారం సెలవు కావాలంటే అడగొచ్చుగా?"

"మూడుసార్లు అడిగానండీ."

"గట్టిగా అడగాల్సింది."

ఆ తర్వాత ఇంకో రెండు ఉద్యోగాలు మారాను. ప్రతిసారీ సెలవు పెట్టే వెళ్ళాను, అబద్ధం చెప్పే పెట్టాను, అవసరమైతే రేపూ పెడతాను. కనకదుర్గమ్మ సాక్షిగా ఒక్క ఒట్టు మాత్రం వేసుకున్నాను, ఇప్పటిదాకా తప్పలేదు. పెళ్ళిచూపుల పేరెత్తను. విరేచనాలని రాస్తాను. దానికి పెద్దరికం వహిస్తానని ఇంతవరకూ ఏ ఓనరూ ముందుకు రాలేదు.